నేను కాపాడబోయి పీకించిన వీధి

ముందే ఒప్పేసుకుంటాను. ఒక పాత వీధిని కాపాడమని నాకు పని అప్పగిస్తే, పది రోజుల్లో ఆ వీధివాళ్ల చేతులతోనే దాన్ని పీకించిన ఘనుణ్ని నేను. జేసీబీ రాలేదు, పోలీసులు రాలేదు, కోర్టు కేసు లేదు. ఒక డబ్బా రంగు, ఒక కుంచె, నా తెలివి, ఈ మూడే సరిపోయాయి. మొదటి రెండూ ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. మూడోది ఎక్కడా దొరకదు కనుకే మా డిపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ నా కథ చెప్పుకుంటున్నారట. ఎవరో మసాలా వేసి చెప్పేకంటే, ఉప్పూ కారం నేనే చూసి వడ్డించడం నయం కదా. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలెవరైనా చదివితే, నా కడుపు మంట కొంత చల్లారుతుంది.

నేను మున్సిపాలిటీలో బిల్డింగ్ ఓవర్సీయర్‌ని. ఓవర్సీయర్ అంటే పైనుంచి చూసేవాడు అని అర్థమట. నేను పైపైన చూసేవాణ్ని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో తిరిగి తిరిగి రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఊళ్లో జరిగిందో మాత్రం చెప్పను. సూర్యాపేటవాళ్లు కోదాడ అనుకోండి, కోదాడవాళ్లు మిర్యాలగూడ అనుకోండి, మిర్యాలగూడవాళ్లు సూర్యాపేట అనుకోండి. అసలు ఈ మూడూ కాదు, నడుమ ఇంకేదో ఊరనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఆ ఊళ్లో పాత బజారు వెనక ఒక వీధి ఉండేది. ఎప్పటివో ధాన్యం వ్యాపారుల ఇండ్లు. నడుము ఎత్తు అరుగులు, అరుగుల మీద టేకు స్తంభాలు, వాటి వెనక వంగకుండా లోపలికి పోలేని దర్వాజలు. దర్వాజల మీద చిలకలు, తామరలు, ద్రాక్షగుత్తులు. వరి తప్ప తోట ఎరగని ఊళ్లో ఆ వడ్రంగి ద్రాక్షగుత్తిని ఎక్కడ చూశాడో నాకు తెలియదు. నాకు కాస్త బొమ్మలు గీసే పిచ్చి ఉంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, ఆ అరుగుల మీద కూర్చుని ఆ గుత్తుల్ని నోట్‌బుక్‌లో గీసుకునేవాణ్ని. అదే నా కొంప ముంచింది. నాదే కాదు, ఏడు కొంపలు.

మాకో కుర్ర కమిషనర్ వచ్చాడు. ఆయన వయసు నా సర్వీసుకంటే రెండేళ్లే ఎక్కువ. మంచివాడు. ఫైలు మీద సంతకం పెట్టేముందు ఫైలు చదివేవాడు, అంత అమాయకుడు. ఏదో శిక్షణ కోసం అమెరికా పంపితే, అక్కడ దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న చార్ల్‌స్టన్ అనే ఊరు చూసి వచ్చాడు. ఒక శనివారం మా అందర్నీ మీటింగ్ హాల్లో కూర్చోబెట్టి గోడ మీద ఫొటోలు వేశాడు.

ఆ ఊరి పాత వీధులు చూస్తే కళ్లు తిప్పుకోలేకపోయాను. లేత గులాబీ, పసుపు, ఆకాశనీలం ఇండ్లు వరసగా. ఇల్లు వీధికి ముఖం చూపించకుండా పక్కకు తిరిగి నిలబడుతుంది, కోపమొచ్చిన కొత్తకోడలి లాగా. వీధిలోని తలుపు తీస్తే గది కాదు, పొడవాటి వరండా వస్తుంది. ఇనుప గేట్లకు అల్లిన తీగలు. రోడ్డు మీది నుంచి కనబడే భాగంలో ఏ మార్పు చెయ్యాలన్నా అక్కడి పెద్దల బోర్డు ముందు నిలబడి అనుమతి తెచ్చుకోవాలట. ఒక్కో ఇంటి గోడకు చిన్న లోహపు పలక, దాని మీద ఆ ఇంటి చరిత్ర. ఒక ఫొటో మాత్రం అందమైనది కాదు. ఒక ఇటుక, దాని మీద చిన్న చిన్న వేళ్ల గుంటలు. పచ్చి ఇటుకల్ని ఎండలో తిప్పింది బానిసల పిల్లలని, ఆ గుర్తులు వాళ్లవేనని కమిషనర్ చెప్పాడు. తర్వాత ఎవరో సమోసాలు తెచ్చారు.

"మన ఊళ్లో ఇట్లాంటి వీధి ఏమైనా ఉందా?" అన్నాడు కమిషనర్.

అందరూ సమోసాల వంక చూశారు. ప్రశ్నకు జవాబు చెప్పినవాడికే పని పడుతుందన్నది మా ఆఫీసు మొదటి సూత్రం. అది తెలిసీ నేను లేచి, "ఉంది సార్" అని నోట్‌బుక్ చూపించాను.

నా పక్కన కూర్చున్నది మా ఇంజినీరు, నాకు పై అధికారి. కోదాడ అవతలి మనిషి, మాటలో ఆంధ్రా యాస తగిలేది. సంతకం చాలా అందంగా పెడతాడు. దేనికింద పెడుతున్నాడో చూసే అలవాటు మాత్రం లేదు. ఆయన నా చెవిలో, "ఎందుకొచ్చిన గోలయ్యా నీకు? పాత ఇళ్లు కాపాడ్డానికి మనమేమన్నా వాటికి అల్లుళ్లమా?" అన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు పోయింది. "ఏం హెరిటేజూ, టిఫినైందా?" "హెరిటేజుని పిలవండ్రా" ఇట్లా. మా నాన్న నాకిచ్చిన వారసత్వం బట్టతల ఒక్కటే. దానికి ఇంత గౌరవం దక్కుతుందని ఆయన అనుకుని ఉండడు.

నేను పదిహేను రోజులు ఇంటింటికీ టేపు పట్టుకుని తిరిగి ఏడు ఇండ్ల జాబితా తయారుచేశాను. బొమ్మలతో సహా. కమిషనర్ ఆ బొమ్మలు చూసి, "ఇవి మీరే గీశారా?" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక పై అధికారి నన్ను 'మీరు' అని, ప్రశ్నగుర్తుతో, మెచ్చుకోలుగా అడగడం అదే మొదలు. నేను ఆ మత్తులో ఉన్నాను. ఆ మత్తులోనే, "పలకలు మంజూరయ్యేదాకా గోడల మీద చిన్న గుర్తు పెట్టించండి" అని ఆయన అంటే, "రేపే సార్" అనేశాను.

స్టోర్‌కు పోయాను. మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. కొలతల చైను పట్టుకోవడం, గుర్తులు పెట్టడం ఆయన పని. ఊళ్లో ఎక్కడ రోడ్డు వెడల్పు చేసినా, ముందు ఆయన కుంచె వెళ్లేది, వెనక జేసీబీ వెళ్లేది.

"సారూ, స్టోర్ల ఎర్రది తప్ప ఏ రంగు లేదు. మొన్న రోడ్డు పనికి తెచ్చింది మిగిలింది" అన్నాడు.

"ఏ రంగయితే ఏంది పెద్దాయనా, కనబడాలె, గంతే గద."

"మరి గీత కొట్టాల్నా, గుండ్రం పెట్టాల్నా?"

"నీకు అలవాటైనట్టు కొట్టు."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. "అలవాటైనట్టా సారూ?" అని మళ్లీ అడిగాడు. పాపం, తన పద్ధతిలో హెచ్చరించాడు. నేను స్కూటర్ స్టార్ట్ చేసుకుంటున్నాను.

ఏడు దర్వాజల పక్కన ఏడు నిలువు గీతలు, కింద బాణం గుర్తు, చక్కగా, చెయ్యి తిరిగినట్టు. గీతల పక్కన నేను తయారుచేసిన కాగితాలు అంటించాను. 'చారిత్రక ప్రాధాన్యత కలిగిన కట్టడముగా పరిరక్షణార్థము గుర్తించబడినది' అని. నాలుగుసార్లు తిరగరాసిన వాక్యం అది.

ఏడు ఇండ్లలో ఆరిళ్లవాళ్లు ఒక్క మాట అడగలేదు. గీత చూశారు, నన్ను చూశారు, తలుపు వేసుకున్నారు. చివరి ఇంట్లో మాత్రం ఒక అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. గొర్లు కాసుకునే కుటుంబం వాళ్లది. వ్యాపారి హైదరాబాద్ పోతూ ఇల్లు అమ్మితే, ఆమె పెనిమిటి మంద అమ్మి ఆ ఇల్లు కొన్నాడు. ఆయన పోయాడు. అవ్వ, కోడలు ఉంటారు. ముందు గదిలో కోడలు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇద్దరి బతుకూ ఆ గదిలోనే.

"ఏం బిడ్డా, గోడకు నెత్తురు బొట్టు వెడుతున్నవ్?"

"ఇల్లు మంచిదని గుర్తు పెడుతున్నం అవ్వా. ఈ ఇల్లు ఎవ్వరూ ముట్టొద్దని."

"నిజంగనా?"

"నా మాట నమ్ము."

"నమ్ముత తియ్. మొఖం సూస్తే పిచ్చోనివి లెక్క ఉన్నవ్ గని, అబద్దమాడేటోనివి లెక్క లేవు."

ఆమె రెండు విషయాల్లోనూ కరెక్టే.

మర్నాడే నన్ను ఓటర్ల జాబితా పని మీద నిడమనూరు వైపు పది రోజులు వేశారు. ఆ పది రోజుల తర్వాత హైదరాబాద్ నుంచి పాత కట్టడాల నిపుణురాలొకావిడ వస్తున్నారని, వీధి చూపించాలని కమిషనర్ ఫోన్ చేశాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని నేరుగా ఆఫీసుకు వచ్చాను. ముగ్గురం కారులో వీధి మలుపు తిరిగాం.

వీధి లేదు. అంటే, ఉంది. పళ్లన్నీ ఊడిన నోరులా ఉంది. అరుగులు లేవు, స్తంభాలు లేవు, దర్వాజలు లేవు. ఇండ్లన్నీ ఎనిమిది అడుగులు వెనక్కి జరిగి, గోనెసంచులు కట్టుకుని నిలబడ్డాయి. ఇటుకలు పేర్చి పెట్టారు. మొదటి ఇంటి మిఠాయి దుకాణదారు మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ప్లేటు, అందులో జిలేబీ.

"నమస్తే సార్! మీకు తక్లీఫ్ గావొద్దని మేమే తీసేసుకున్నం. కొలుసుకోండ్రి, ఎనిమిదడుగులు పక్కా. ఒక్క ఇంచు తేడా వస్తే నన్నడుగుండ్రి!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వీధికి రెండు వైపులా ఎనిమిది అడుగుల వెడల్పు ప్రతిపాదన ఎన్నేళ్లుగానో ఉంది. పాలు తాగే పిల్లలకు కూడా ఎనిమిది అని తెలుసు. మిషను వచ్చి గుద్దితే టేకు పుల్లలు పుల్లలవుతుంది. గీత పడగానే మనమే గడ్డపారతో నెమ్మదిగా విప్పుకుంటే దర్వాజ దక్కుతుంది. ఇది మా ప్రాంతంలో అందరూ నేర్చుకున్న చదువు. అందుకే పెండ్లి బ్యాండు వెనక పిల్లల లెక్క, మా పెద్దాయన కుంచె వెనకే పాత కట్టె డిపోలవాళ్లు ట్రాలీ ఆటోలేసుకుని వస్తారు. నేను ఓటర్లను లెక్కబెడుతున్న పది రోజుల్లో ఆరు దర్వాజలు ఆటోలెక్కి వెళ్లిపోయాయి. అందులో ఒకదాన్ని తర్వాత హైవే మీద ఒక హోటల్లో చూశాను. గోడకు అలంకారంగా బిగించి, ద్రాక్షగుత్తుల నడుమ బిర్యానీ ధరలు వేలాడదీశారు. ఆ రోజు నేను టీ కూడా తాగకుండా లేచి వచ్చాను.

"ఆ కాగితం చదవలేదా?" అన్నాను మిఠాయి దుకాణదారుతో.

"ఏం కాయిదం సార్? మున్సిపాలిటోళ్ల కాయిదం ఎవడు సదువుతడు? మేము గీత సూస్తం."

కమిషనర్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నన్ను పక్కకు పిలిచి, "ఎరుపే ఎందుకండీ?" అని అడిగాడు.

"స్టోర్‌లో అదే ఉంది సార్."

ఆయన తల ఊపాడు. పరీక్ష తప్పిన పిల్లాడి పక్కన కూర్చున్న తండ్రిలాగా.

వీధి చివర మాత్రం ఒక్క ఇల్లు మిగిలి ఉంది. అరుగు, రెండు స్తంభాలు, చిలకల దర్వాజ, గోడ మీద నా ఎర్ర గీత. అవ్వ లేచి నిలబడింది.

"ఇగో, ఈ సారే జెప్పిండు, ఎవ్వలు ముట్టరని. అందరు పీకుతుంటె మా కోడలు 'మనం గూడ పీకుదాం అత్తా, మిషినొస్తే కట్టె గూడ దక్కది' అని ఒకటే లొల్లి. నేనే వద్దన్న. సారు మాటిచ్చిండన్న."

హైదరాబాద్ మేడమ్ గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. అద్దంలా నున్నగా ఉంది. "ఇది డంగు సున్నం కదమ్మా?"

"సున్నమే. మా అత్త నూరింది." అవ్వ ఆ గోడను ఎద్దు మూపు నిమిరినట్టు నిమిరింది. "షావుకారి ఇల్లు గడుతుంటే మా అత్త కూలికొచ్చింది. బెల్లం నీళ్లు వోసి, కరక్కాయ నీళ్లు వోసి నూరుడే నూరుడు. అరిచేతులు పొక్కిపోయి ముద్ద గలుపుకొనికె రాకపోతుండె. ఇల్లయినంక ఆమెను అరుగు ఎక్కనియ్యలే. అందుకే మా ఆయన మంద మొత్తం అమ్మి గిదే ఇల్లు గావాలన్నడు. అత్తను తీస్కొచ్చి ఈడ, ఈ అరుగు మీద మంచమేసి పండబెట్టిండు. ఈన్నే పానం వొయ్యింది."

ఆ మీటింగ్ హాల్లో చూసిన ఇటుక నాకు గుర్తొచ్చింది. కమిషనర్‌కూ గుర్తొచ్చిందనుకుంటాను. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వెళ్లేటప్పుడు మేడమ్, "మిగిలిన కట్టడాల మీద మీ సిఫారసు పంపండి. ఈ ఒక్క ఇంటికైనా ప్రయత్నిద్దాం" అంది.

రెండు నెలల్లో కమిషనర్‌కు బదిలీ అయింది. పోయేరోజు నాకు చెయ్యి కలిపి, "తప్పు మీ ఒక్కరిదే కాదు. నేను ఆ ఊరు చూశాను, ఈ ఊరు చూడలేదు" అన్నాడు. పిల్లలూ, అట్లాంటి మాట అనగలిగిన అధికారి మీకు సర్వీసులో ఒక్కడు తగిలినా అదృష్టమే.

ఆయన కుర్చీలో ఇన్‌చార్జిగా మా ఇంజినీరు కూర్చున్నాడు. కూర్చున్న వారానికి వీధి చూసొచ్చి పకపకా నవ్వాడు.

"హెరిటేజూ, నువ్వు సామాన్యుడివి కాదయ్యా! ఇన్నేళ్లుగా మేం చెయ్యలేని పని రూపాయి ఖర్చు లేకుండా చేసి పెట్టావు. ముందుభాగాలన్నీ పోయాయిగా, రోడ్డు వేసేద్దాం. ఆ చివరి ముసలామె ఇల్లొక్కటే అడ్డం. నోటీసు నువ్వే ఇచ్చిరా, నువ్వంటే ఆవిడకి నమ్మకమటగా."

అంటే నా మాట నమ్మని ఆరుగురికి కట్టె అయినా దక్కింది. నమ్మిన ఒక్కామెకు ఇల్లే పోబోతోంది. ఎనిమిది అడుగులంటే అరుగు, దర్వాజ, మిషన్ ఉన్న ముందు గది. మిగిలేది వంటిల్లు, వెనక మేకల కొట్టం.

ఆ నోటీసు మూడు రోజులు నా బ్యాగులో ఉంది. నాలుగో రోజు తీసుకుపోయాను. అవ్వ చదువుకోలేదు. కోడలు చదివింది, పైకి చదవకుండానే మడిచి అత్త చేతిలో పెట్టింది. అవ్వకు అర్థమైపోయింది.

"మొన్న గీత గీస్తివి. ఎవ్వలు ముట్టరంటివి. ఇయ్యాల కాయిదం తెస్తివి. నీ నోట్ల ఎన్ని నాల్కలున్నయ్ బిడ్డా?"

"నేను అబద్ధం చెప్పలే అవ్వా. నాకు తెల్వకుండనే అబద్ధమైంది."

"అబద్దం ఎట్లయితేంది, కూలేది నా ఇల్లే గద." ఆ కాగితాన్ని కొంగున ముడేసుకుంది. తర్వాత, "తిన్నవా?" అంది.

తిట్టినా బాగుండేది. ఆ "తిన్నవా" నా వెంట ఆఫీసుదాకా వచ్చింది.

సీట్లో కూర్చుని పాత ఫైలు తీశాను. హైదరాబాద్ నుంచి మేడమ్ ఉత్తరం వచ్చి ఉంది, మిగిలిన కట్టడాలపై ఆఫీసు సిఫారసు కోరుతూ. జవాబు పోవాలి. ఇన్‌చార్జి సంతకంతో పోవాలి. నేను మూడు పేజీల జవాబు రాశాను. ఈసారి 'పరిరక్షణార్థము' లేదు. రెండో పేజీలో ఉన్నది ఇంతే: ఈ ఇల్లు మా ఆఫీసు తప్పు వల్ల ప్రమాదంలో పడింది, దీన్ని కూల్చకుండా ఉండాలని గట్టిగా సిఫారసు చేస్తున్నాను, ఇంటి దగ్గర రోడ్డును వంచడం సాధ్యమే, కొలతలు జతచేశాను. పైన ఒక చీటీ కూడా గుచ్చాను: 'దయచేసి రెండో పేజీ చదవగలరు'. దొంగచాటుగా చేశానన్న మాట నా మీదికి రాకూడదు కదా.

ఇంజినీరు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చీటీ పీకి చెవి గోక్కున్నాడు.

"సార్, రెండో పేజీ ఒకసారి చూడండి సార్. ముఖ్యమైనది."

"నీ పాత ఇళ్ల పురాణం నేను పారాయణ చెయ్యాలా? సంతకం ఎక్కడ?"

"మూడో పేజీలో సార్. కానీ రెండో పేజీ..."

"హెరిటేజూ! ఎక్కడ?"

చూపించాను. ఆ అందమైన సంతకం, కింద రెండు చుక్కలతో సహా, పడింది. అదే సాయంత్రం ఉత్తరం పోస్టులో పడింది. నకలు నా జేబులో పడింది.

జవాబు వచ్చేలోపే జేసీబీ వచ్చింది. బుధవారం, పొద్దున పదిగంటలకు. వీధంతా జనం. స్థానిక విలేకరి ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఇంజినీరు నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముందు నిలబడ్డాడు. అవ్వ అరుగు మధ్యలో కాళ్లు జాపుకుని కూర్చుంది. కోడలు మిషన్ దగ్గరే ఉంది, కుట్టడం ఆపలేదు. ఆ టకటక శబ్దం బయటికి వినబడుతూనే ఉంది.

జేసీబీ డ్రైవరు పెద్దవూర వైపు కుర్రాడు. "అవ్వా, జర దిగరాదే. నాకు పాపం తగులుతది."

"నువ్వే దిగిరా కొడుకా. సల్ల తాగిపో. గంత ఎత్తున గూసుంటె తల తిరగదా?"

జనం నవ్వారు. డ్రైవరు నిజంగానే దిగబోయాడు. ఇంజినీరు, "ఏయ్, ఎక్కు!" అని కసిరాడు.

పెన్షన్‌కు ఇంకా రెండేళ్లుంది. ధైర్యవంతుణ్ని అని చెప్పుకోను. అవ్వ నా వంక ఒకసారి చూసింది, పిలవలేదు, అడగలేదు. చూసి మళ్లీ జేసీబీ వైపు తిరిగింది. ఇక నా మీద ఆమెకు ఏ ఆశా లేదని నాకు తెలిసిపోయింది. అప్పుడే అడుగు కదిలింది.

"సార్" అన్నాను, కాస్త గట్టిగానే, విలేకరికి వినబడేంత. "మీరే కదా సార్ ఈ ఇంటిని కూల్చొద్దని హైదరాబాద్‌కు రాశారు?"

"నేనా? ఎప్పుడు?"

నకలు చేతికిచ్చాను. ఆయన కళ్లద్దాలు తీశాడు. తన జీవితంలో మొదటిసారి, నడిరోడ్డు మీద, నెత్తిన ఎండతో, తాను సంతకం పెట్టిన కాగితం తానే చదివాడు. రెండో పేజీ దగ్గర ఆగాడు. సంతకం చూశాడు. కింద రెండు చుక్కలు చూశాడు. నా వంక చూశాడు.

"నువ్వు..." అన్నాడు చిన్నగా.

"చదవమన్నాను సార్" అన్నాను అంతకంటే చిన్నగా.

విలేకరి ఫోన్ ఇంకాస్త ముందుకు జరిగింది. "సార్, మీరే కాపాడమని రాసి, మీరే కూలగొడుతున్నరా?"

ఆయన తెలివైనవాడు. మూడు సెకన్లు పట్టింది, అంతే. గొంతు సవరించుకుని, "ఆపండి! ఎవరు తెమ్మన్నారీ మిషన్ని? నేను ముందే రాశాను కదా! ఇట్లాంటి ఇల్లు మళ్లీ కట్టగలమా?" అని డ్రైవరు మీద అరిచాడు. డ్రైవరు బతికాననుకుని బండి వెనక్కి తిప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. అవ్వకు ఏం జరిగిందో సగమే అర్థమైంది. "పోతున్నడా? మరి సల్ల?" అంది.

తర్వాత నెలకు హైదరాబాద్ నుంచి ఆమోదం వచ్చింది. రోడ్డు ఆ ఇంటి దగ్గర అణకువగా వంగింది. ఇప్పటికీ వంగే ఉంది. ఆటోవాళ్లు అక్కడ తిట్టుకుంటూ బ్రేకు వేస్తారు. ఆ తిట్లు నాకే చెందుతాయి. పోయిన ఆరు దర్వాజల లెక్కలో ఇది చిన్న ఉపశమనమే. వీధిని కాపాడలేదు. ఒక్క మాటను కాపాడుకున్నాను.

గోడకు ఇత్తడి పలక బిగించే రోజు చిన్న సభ పెట్టారు. షామియానా, మైకు. పాత ఇళ్ల ప్రేమికుడని పేపర్లో ఫొటో వచ్చాక ఇంజినీరు ఆ మాట నమ్మడం మొదలుపెట్టాడు. నాతో మాత్రం మాటలు తగ్గించాడు. నా వార్షిక నివేదికలో 'సొంత తెలివి ఎక్కువ' అని రాశాడు. సభ ముందురోజు పిలిచాడు.

"ఏం హెరిటేజూ, నీకు రాతపిచ్చి కదా. ఉపన్యాసం రాసి పట్టుకురా. ఒక్క పేజీ. నీ పేరు మాత్రం రాకూడదు."

రాశాను. నా పేరు రాలేదు, ఒట్టు. ఆయన సభలో కాగితం విప్పి, మంచి గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. సున్నం నూరిన చేతుల గురించి చదివినప్పుడు జనమంతా ఆ గోడ వైపు తిరిగి చూశారు. ఆయన కూడా కాస్త కదిలినట్టే అనిపించింది. ఆ ఊపులో చివరి వాక్యం కూడా చదివేశాడు:

"ఈ ఇంటి బాధ్యత ఇకపై నాది. ప్రతినెలా మొదటి ఆదివారం నేనే స్వయంగా వచ్చి, ఈ అరుగు మీద కూర్చుని, గోడల పగుళ్లు చూసి, అవ్వ చెప్పిన మరమ్మతు దగ్గరుండి చేయిస్తానని మీ అందరి సమక్షంలో మాటిస్తున్నాను."

చదివాక ఆగిపోయాడు. కాగితం వంక, నా వంక చూశాడు. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసలో కుర్చీలోంచి అవ్వ లేచింది.

"మైకుల జెప్పినవ్ సారూ, ఊరంత ఇన్నది. ఎన్ని గంటలకొస్తవ్?"

"ప... పదింటికి వస్తానమ్మా."

"పదింటికి ఎండెక్కుతది, పగుళ్లు కండ్లవడయ్. ఏడింటికి రా. తానం జెయ్యకున్న పర్లేదు."

ఆయన వేరే ఊరికి బదిలీ అయ్యేదాకా, పద్నాలుగు నెలలు, మొదటి ఆదివారం ఏడింటికి ఆ అరుగు మీద కనబడేవాడు. రాకపోతే కోడలు ఆయన ఇంటికే ఫోన్ చేసేది. మా ఇంటికి పాలు గుమ్మంలోకే వస్తాయి. అయినా ఆ ఆదివారాల్లో నేను పాలపాకెట్ కోసం స్కూటరేసుకుని ఆ వీధిదాకా వెళ్లేవాణ్ని. మలుపు దగ్గర బండి నెమ్మది చేసి, సల్ల గ్లాసు పట్టుకుని కూర్చున్న ఆయన్ని చూసి, "నమస్తే సార్, పగుళ్లేమైనా కనబడ్డయా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయేవాణ్ని.